ఎండలో ఊగే అంకె

"నలభై అన్నావు."

"నలభై ఉన్నప్పుడు నలభై అన్నాను. ఇప్పుడు డెబ్బై."

"డెబ్బైయా? మరి చెప్పవేం?"

"చెప్పేలోపు యాభై అయిపోయింది."

"ఒక్క మాట మీద నిలబడవే నువ్వు?"

"అంకె నిలబడితే నేనూ నిలబడతాను. ముందు దానికి చెప్పండి, తర్వాత నాకు చెబుదురుగాని."

స్కాన్ సెంటర్లో టెక్నీషియన్‌గా పనిచేసే అల్లుడు మేడమెట్లు ఎక్కుతూ పై మెట్టు దగ్గరే ఆగిపోయాడు. తగాదాలో సగం అత్తగారి నోట్లోంచి నేరుగా వినిపిస్తోంది. మిగతా సగం ఆవిడ చేతిలోని ఫోన్లోంచి గరగరమంటూ వస్తోంది. మామగారు ఎదురు మేడ మీద ఉన్నాడు. ఎదురు మేడంటే వీధికి అవతలిది కాదు, రైలు యార్డుకి అవతలిది. మధ్యలో పట్టాలు, కంకరరాళ్లు, రేకుల కప్పుల గోడౌన్లు. ఇంత దూరం నుంచి కూడా మొగుడూ పెళ్లాలు ముఖాముఖి పోట్లాడుకోగలగడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అల్లుడికి మాత్రం వెయ్యలేదు. కింద బల్ల మీద నడుంనొప్పి పెద్దమనిషి ఒకాయన పడుకుని ఉన్నాడు. ఆయన వెన్నెముక బొమ్మ సగం వెళ్లి ఆగిపోయింది.

"అత్తయ్యా, ఆగిపోయింది," అన్నాడు.

"ఆగడం కాదు బాబూ, ఊగుతోంది. మీ మామయ్య అటు తిప్పుతాడు, ఇది ఇటు ఊగుతుంది. ఆయనకి కోపం, దీనికి రోషం."

సంగతేమిటంటే, స్కాన్లు తీసేది ఈ సెంటర్లో. వాటిని చదివే డాక్టర్లుండేది అవతలి పెద్దాసుపత్రిలో. పట్టాల కింద తవ్వి కేబుల్ వేసుకుంటామంటే రైలువాళ్లు ఒప్పుకోలేదు. అందుకని రెండు మేడల మీదా చెరొక స్తంభం పాతి, చెరొక పెట్టె బిగించారు. ఒక్కో పెట్టెకి ముందువైపు ఒక గాజుకన్ను. ఈ కంటిలోంచి ఆ కంటిలోకి లేజర్ వెలుతురు పోతుంది, ఆ వెలుతురు మీద ఎక్కి బొమ్మలు పోతాయి. ఆ వెలుతురు మనిషి కంటికి కనిపించదు. పెట్టె వెనకాల ఒక చిన్న తెర ఉంటుంది, అవతలి నుంచి వెలుతురు ఎంత అందుతోందో దాని మీద అంకె పడుతుంది. నూటికి ఎంత అని లెక్క. ముప్పైకి దిగి అక్కడే కూర్చుంటే బొమ్మ ఆగిపోతుంది. అప్పుడు ఆయా డిస్కు పట్టుకుని కాలినడక వంతెన ఎక్కి, దిగి, డాక్టరు బల్ల మీద పెట్టి రావాలి. ఈలోగా నడుంనొప్పి పెద్దమనిషి ఇక్కడ మూలుగుతూ ఉండాలి.

ఆ పెట్టెల మంచీ చెడూ చూసేది మామగారు. గాజు తుడవడం, పెట్టె గురి తిప్పే మరలు సరిచూడడం, పిట్టలు గూడు పెట్టకుండా కాయడం ఆయన పని. ఆ పని ఆయనకిమ్మని మేనేజరమ్మతో చెప్పింది అల్లుడు. అందుకే బొమ్మ ఆగినప్పుడల్లా అందరూ ముందు అల్లుడి మొహమే చూస్తారు.

ఆ ఉదయమే మేనేజరమ్మ అతణ్ణి పిలిచి చెప్పింది. "మీ మామగారంటే నాకు గౌరవమేనయ్యా. కానీ రోజూ మధ్యాహ్నం ఇదే గోల. శనివారం మధ్యాహ్నం నేనే వచ్చి చూస్తాను. అప్పుడు కూడా ఆగిందా, ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేస్తాం. నువ్వే చెప్పు ఆయనకి, మెల్లగా."

మెల్లగా చెప్పడం అల్లుడికి రాదు. ఆ పూటే చెప్పేశాడు.

*

మామగారి కథ చెప్పాలంటే యాంటెన్నాల కాలం నుంచి మొదలుపెట్టాలి. ఇప్పటికీ పాత వీధుల్లో ఆయన్ని యాంటెన్నాయన అనే పిలుస్తారు. పిట్టగోడ మీద కాలు వేసి, కొబ్బరికాయంత పానా నడుముకి కట్టుకుని, గొట్టం తిప్పుతూ ఉండేవాడు. కిందనుంచి ఆ ఇంటివాళ్లు అరిచేవాళ్లు. వచ్చింది. పోయింది. కొంచెం వెనక్కి. ఆ, అక్కడే. ఎవరి ఇంట్లో ఎవరి గొంతు ఎంత గట్టిదో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అత్తగారిది కూడా అలా కిందనుంచి విన్న గొంతే. వాళ్ల నాన్న తొందరమనిషి. వార్తల వేళకి బొమ్మ రావాలని ఒకటే నస. ఆ నస పడలేక అమ్మాయి కిటికీలోంచి "వచ్చేసింది, దిగండి" అని కేకేసింది. ఈయన దిగొచ్చి చూస్తే తెర మీద మనిషికి రెండు మొహాలు.

"ఇదేంటండీ, ఇద్దరు కనిపిస్తున్నారు?" అన్నాడు.

"పర్లేదు, మాకు అలవాటే. మా నాన్నకీ రెండు మొహాలే," అందిట ఆవిడ.

ఆ మాటకి పడిపోయాడు మనిషి. పెళ్లయ్యాక కింద నిలబడి అరిచే ఉద్యోగం ఆవిడదైంది. ఆయన పైన తిప్పేవాడు, ఆవిడ కింద చెప్పేది. ఊళ్లో సగం ఇళ్లకి ఆ జంట బొమ్మ తెప్పించింది. తర్వాత డిష్షులొచ్చాయి, ఒకసారి బిగిస్తే మళ్లీ తిప్పక్కర్లేదు. ఆ తర్వాత గోడల్లోంచి కేబుళ్లొచ్చాయి, మేడెక్కక్కర్లేదు. రెండుసార్లు కాళ్లకింద నిచ్చెన తీసేసినట్టయింది. ఈ లేజర్ పెట్టెలు వచ్చినప్పుడు మామగారు చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. మళ్లీ మేడ, మళ్లీ గొట్టం, మళ్లీ తిప్పడం. కంపెనీవాళ్లు చెప్పింది కూడా అదే. ఇటు ఒకరు మర తిప్పాలి, అటు ఒకరు అంకె చదవాలి, అంకె బాగా పెరిగిన చోట ఆపాలి. "ఇదేం కొత్త విద్యే? మన పాత కాపురమే," అన్నాడు భార్యతో.

కాపురం బాగానే సాగింది, ఎండలు ముదిరేదాకా.

ఆయనకి అంతుపట్టనిది ఏమిటంటే శత్రువెవరో తెలియకపోవడం. కుండపోతగా వాన కురిసిన రోజున ఇవాళ మన పని అయిపోయిందని గొడుగేసుకుని పెట్టె దగ్గర కాపలా కూర్చున్నాడు. అంకె కొంచెం దిగింది, అంతే. బొమ్మలు టకటకా వెళ్లాయి. డాక్టరు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు కూడా. తను ఏం చేశాడని మెచ్చుకున్నాడో ఈయనకి అర్థం కాలేదు. రెండు రోజులకి తెల్లవారుజామున సన్నటి మంచు పట్టింది. చేత్తో విసిరితే చెదిరిపోయేలా ఉంది. దానికి వెలుతురు పూర్తిగా చచ్చిపోయింది, అంకె సున్నా. మంచు విడిచాక, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉన్నప్పుడు, పదకొండు దాటగానే అంకె పూనకం వచ్చినట్టు ఊగడం మొదలు.

"వానకి ఆగదు, మంచుకి చస్తుంది, ఏమీ లేనప్పుడు ఏడుస్తుంది," అన్నాడు అల్లుడితో. "మీ అత్తయ్య నయం. ఆవిడ ఎందుకేడుస్తుందో కనీసం రెండు రోజులకైనా తెలుస్తుంది."

కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేశారు. అతను ఓపిగ్గానే చెప్పాడు. వాన చినుకులు పెద్దవి, మధ్యలో సందులుంటాయి, వెలుతురు దూరిపోతుంది. మంచు తుంపర సన్నం, సందు ఉండదు, వెలుతుర్ని అన్ని వైపులా చిమ్మేస్తుంది. ఇక ఎండ సంగతంటారా, రేకులూ రాళ్లూ కాగి గాలి ముద్దలు ముద్దలుగా పైకి లేస్తుంది. వేడిముద్ద ఒకలా, చల్లముద్ద ఒకలా వెలుతుర్ని వంచుతుంది. ఒక్కో ముద్ద ఒక్కో భూతద్దం అనుకోండి. ఒక క్షణం వెలుతురంతా పోగై మీ గాజుమీద పడుతుంది, మరు క్షణం పక్కకి పోతుంది.

"బాగుంది బాబూ. మరి నన్నేం చెయ్యమంటావు?"

"అలైన్‌మెంట్ మ్యాక్సిమమ్‌లో పెట్టండి సార్. అంటే, గురి అంకె అన్నిటికన్నా ఎక్కువున్న చోట."

మామగారు ఫోన్ పెట్టేసి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "నేను రోజూ చేసి చేసి చస్తున్నది అదే కదరా," అన్నాడు ఆ ఫోన్‌తో. తర్వాత అల్లుడివైపు తిరిగాడు. "నువ్వు రెండేళ్లు ఇంజనీరింగ్ వెలగబెట్టావుగా. ఈ ముద్దల సంగతి చెప్పలేదా మీకు?"

"చెప్పుంటారు మామయ్యా. మూడో ఏడాదిలో చెప్పుంటారు."

*

నడుంనొప్పి పెద్దమనిషి స్కాన్ ఆగిన మర్నాడు అత్తగారు సమ్మె ప్రకటించింది. పడికట్టు మాటలేం లేవు, ఫోన్ తీసి అల్లుడి చేతిలో పెట్టింది. "నా గొంతు పోయింది, నా పరువూ పోయింది. మీ మామా అల్లుళ్లు తేల్చుకోండి." ఆవిడ గొంతుకేమీ కాలేదు. కిందకి దిగి, రిసెప్షన్‌లో కూర్చున్న పిల్లతో ఫ్యాను కింద చక్కగా కబుర్లు పెట్టుకుంది.

అల్లుడు పెట్టె వెనకాల నిలబడ్డాడు. నిలబడడం అతనికి పడని పని. ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదకి మారుతూ, భోజనం మానుకుని, తెర చూసి చదవసాగాడు.

"యాభై ఐదు. అరవై. నలభై ఎనిమిది. అరవై రెండు."

"ఎక్కువే చెప్పు. తక్కువ చెప్పకు, నాకు గుండె జారుతోంది."

"తక్కువొస్తే?"

"తక్కువొస్తే ఊరుకో, ఎక్కువొచ్చినప్పుడు కేకెయ్యి. అక్కడ ఆపుతాను."

సరే అన్నాడు. అరవై ఐదని అరిచాడు, మామగారు ఆపాడు, నలభైకి జారింది. మళ్లీ తిప్పాడు. డెబ్బై అని అరిచాడు, ఆపాడు, ముప్పై ఎనిమిది. కుక్క తన తోకని తరుముకున్నట్టుంది వ్యవహారం. అల్లుడికి చిరాకొచ్చింది. పెట్టె మీద గురి చూసుకోవడానికి చిన్న దుర్భిణీ ఉంటుంది. అవతలి మనిషి అసలేం వెలగబెడుతున్నాడో చూద్దామని దాన్లోకి కన్ను పెట్టాడు.

ఎదురు మేడ నీళ్లలో నీడలా ఊగుతోంది. పిట్టగోడ పాములా మెలికలు తిరుగుతోంది. మామగారి తల భుజాల నుంచి కాస్త విడివడి, మళ్లీ వచ్చి అతుక్కుంటోంది. నడుం కింద ఆయన కాళ్లు ఎవరివో వేరేవాళ్లవిలా వణుకుతున్నాయి.

"మామయ్యా, ఒక్క నిమిషం కదలకండి."

"నేను కదలట్లేదయ్యా."

"కదులుతున్నారు. నాకు కనిపిస్తోంది."

"గోడకి ఆనుకుని నిలబడ్డాను. కదలడానికి ఓపిక కూడా లేదు."

అల్లుడు కన్ను తుడుచుకుని మళ్లీ చూశాడు. మనిషి కదలడం లేదన్న మాట నిజమే కావచ్చు. కానీ కంటికి కనిపించేదీ అబద్ధం కాదు. ఎవరి మాట నమ్మాలి? యార్డులో రేకుల కప్పులమీద గాలి నూనెలా జారుతోంది. ఆ కప్పుల మీదుగానే, కాస్త ఎత్తున, కనిపించని వెలుతురు పోవాలి. దుర్భిణీ వదిలి తెర చూశాడు.

"ఎనభై ఒకటి!" అన్నాడు. "వచ్చింది మామయ్యా, ఎనభై ఒకటి. ఏం చేశారు? అలాగే ఉంచండి."

ఫోన్‌లో తువ్వాలు రాపిడి గరగరమంది.

"మామయ్యా?"

"నేనేం చెయ్యలేదు అల్లుడూ. చెమట తుడుచుకుంటున్నాను."

"మర తిప్పలేదా?"

"రెండు చేతులూ మొహం మీదే ఉన్నాయి."

 అల్లుడు చూస్తుండగానే ఎనభై ఒకటి యాభై నాలుగైంది, డెబ్బై అయింది, నలభై ఆరైంది, అరవై అయింది. అవతల మామగారు చేతులు తియ్యలేదు. ఎవరూ తిప్పకుండానే దాని పాటికి అది ఊగుతోంది.

"మరైతే ఇన్నాళ్లూ నేను తిప్పింది దేన్నయ్యా?" అన్నాడు మామగారు చివరికి.

అల్లుడు మనసులో లెక్క వేసుకున్నాడు. తను డెబ్బై అని అరిచినప్పుడల్లా ఆయన తిప్పుడు వల్లే డెబ్బై వచ్చిందనుకున్నారు ఇద్దరూ. ఒకవేళ ఏదో గాలిముద్ద వచ్చి పోయిందేమో. ముద్ద వచ్చిన క్షణంలో ఆపి, అదే సరైన చోటని బిగించి, అది పోగానే ఎందుకు పడిపోయిందని మళ్లీ తిప్పి, అలా పొద్దున్న పూట బాగున్న గురిని కూడా రోజూ చెడగొట్టుకుంటూ వచ్చారేమో. యాంటెన్నా అయితే తిప్పితే వచ్చేది, ఆపితే ఉండేది. అది నమ్మకస్తురాలు. ఇది అలాంటిది కాదేమో. అన్నీ ఏమోలే. అల్లుడికి తల తిరిగింది, ఆకలి కూడా వేసింది.

*

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని మామా అల్లుళ్లు అనుకున్నారు. డాబా మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుండగానే మామగారు మొత్తం చెప్పేశాడు.

అత్తగారు డాబా మీద ఆరిన బట్టలు మడతపెడుతూ వింది. కూతురు, అంటే అల్లుడి భార్య, పక్కనే కూర్చుని టీ తాగుతోంది. అప్పుడే చీకటి పడుతోంది, ఒకటీ రెండూ చుక్కలు పొడిచాయి.

"నాకర్థమైంది చెప్పనా?" అంది అత్తగారు. "ఆ చుక్క చూడండి. మిణుకుమిణుకుమంటోందా? అది మిణుకుమందని మీరు నిచ్చెన వేసుకుని పైకెళ్లి సర్దుతున్నారు."

కూతురికి టీ పొలమారింది.

"నవ్వండి, నవ్వండి," అన్నాడు మామగారు. "మర తిప్పకపోతే నేనెందుకక్కడ? చేతులు కట్టుకుని కూర్చోడానికి నన్నెందుకు పెట్టుకోవాలి వాళ్లు? దిష్టిబొమ్మ చాలు."

 ఆ మాటలో సరదా లేదని అందరికీ తెలుస్తూనే ఉంది. రెండు పనులు చేతిలోంచి జారిపోయిన మనిషి, మూడోదాన్ని పట్టి ఉంచుకోవాలంటే చెయ్యి తియ్యమంటున్నారు. ఆయనకిది ఏ కోశానా బోధపడడం లేదు. అల్లుడికీ పూర్తిగా బోధపడలేదు. కానీ మొహమాటం లేని మనిషి కనక అన్నాడు: "మామయ్యా, మీరు తిప్పితే రోజూ ఆగుతోంది. తిప్పకపోయినా ఆగొచ్చు. కానీ తిప్పితే మాత్రం ఖాయంగా ఆగుతోంది. ఒక్కరోజు ఊరుకుని చూడండి."

"శనివారమే ఊరుకోమంటావా? ఆవిడొచ్చే రోజున?"

"ఇంకో రోజు లేదుగా."

*

శనివారం పొద్దున్నే ఇద్దరూ చెరో మేడ ఎక్కారు. యార్డు మీద పల్చటి మంచు, అంకె సున్నా. మామగారు అటు, అల్లుడు ఇటు, ఫోన్లు చెవుల దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. మంచు కరిగాక, రేకులింకా చల్లగా ఉండగానే, అంకె లేచింది. అరవై ఆరు. అరవై ఏడు. ఊగలేదు. మామగారు వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ అంకె తిప్పినంతే కదిలింది. డెబ్బై రెండు దగ్గర అటు తిప్పినా తగ్గుతోంది, ఇటు తిప్పినా తగ్గుతోంది.

"అదిగో," అన్నాడు మామగారు. ఆయన గొంతులో పాత రోజుల సంతోషం వినిపించింది. "ఇది మాట వింటోందయ్యా."

"బిగించెయ్యండి."

బిగించాడు. గాజు తుడిచాడు. మళ్లీ తుడిచాడు. పనేం లేక స్తంభం కూడా తుడిచాడు.

పదకొండు దాటింది. రేకులు కాగాయి. అంకె మొదట చిన్నగా, తర్వాత పెద్దగా ఊగడం మొదలుపెట్టింది. అల్లుడు అలవాటు కొద్దీ అరిచాడు, "యాభై!" అవతల పానా చప్పుడైంది.

"పానా ఎందుకు తీశారు?"

"ఊరికే. చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది."

కింద ఒక పాప మోకాలు స్కాన్ మొదలైంది. అల్లుడి బదులు ఇంకో టెక్నీషియన్ నడుపుతున్నాడు. బొమ్మ వెళ్తోందా అని అత్తగారు కింద నిలబడి చూస్తోంది. అంకె ముప్పై ఐదుకి పడింది. అల్లుడి నోటిదాకా వచ్చింది, మింగేశాడు. ముప్పై రెండు. ఫోన్‌లో మామగారి ఊపిరి వినిపిస్తోంది. నలభై. అరవై. కింద మెట్ల దగ్గర నుంచి అత్తగారి కేక వినిపించింది, కిటికీలోంచి కేకేసే రోజుల నాటి కేక.

"వెళ్లింది! నత్తలా వెళ్లింది కానీ మొత్తం వెళ్లింది!"

"నిజంగా వెళ్లిందా, దిగమంటోందా?" అన్నాడు మామగారు ఫోన్‌లో.

"నిజంగానే మామయ్యా."

ఎందుకు వెళ్లిందో అల్లుడికి తెలియదు. తిప్పనందువల్లా, గాలి కాసేపు కరుణించినందువల్లా? ఇంతలో సెంటర్ గేటు ముందు కారాగింది. మేనేజరమ్మ దిగి, గొడుగు విప్పుకుని, లోపలికి నడిచింది. లోపల నడుంనొప్పి పెద్దమనిషి మళ్లీ వచ్చి బల్ల ఎక్కుతున్నాడు, ఈసారి మెడనొప్పిట. ఆయన స్కాన్ పెద్దది, బొమ్మలు బోలెడు. అంకె డెబ్బై ఎనిమిదికి ఎగిరి, ముప్పై మూడుకి దూకింది. అల్లుడు దుర్భిణీలో చూశాడు. ఎండలో తల తెగి అతుక్కుంటూ మామగారు నిలబడి ఉన్నాడు. చెయ్యి మర మీద ఉందో, గాల్లో ఉందో చెప్పడం కష్టంగా ఉంది.

"మామయ్యా, ఆవిడొచ్చింది."

"చూశాను. ఎంతుంది?"

అల్లుడు నోరు తెరిచాడు.

"ఆగు, ఆగు, చెప్పకు," అన్నాడు మామగారు. "నువ్వు చెబితే నా చెయ్యి ఊరుకోదు, దాని సంగతి నాకు తెలుసు. నాకో సాయం చెయ్యి అల్లుడూ. అంకె చూస్తూ ఉండు, చదువుతూ ఉండు, కానీ పొద్దుగూకేదాకా నాకు మాత్రం చెప్పకు. నేనడిగినా చెప్పకు, తిట్టినా చెప్పకు. మీ అత్తయ్యకి కూడా చెప్పకు. ఆవిడకి చెబితే నాకు చెప్పినట్టే."